పాతరకు లొంగని ద్రాక్షసారా

1520 మే నెల. కృష్ణ ఒడ్డున బిజాపూరు సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్‌షా డేరా దిగింది. ఎదుటి ఒడ్డు రెండు నదుల నడిమి రాయచూరు దోఆబ్, అక్కడ కృష్ణదేవరాయల సేన. డేరాలో నడుం వాల్చిన సుల్తాను చెవిన ఎవరో కొలువుకాడు పాడుకుంటున్న మధుపాత్ర పద్యం పడింది. ఇంకేముంది, ద్రాక్షసారా తెమ్మన్నాడు, పాటగాళ్లను పిలిపించాడు. నిషా తలకెక్కాక ఏరు దాటాలనిపించింది. వద్దన్న సర్దార్లకు జవాబైనా చెప్పకుండా తన ఏనుగును నీళ్లలోకి దించాడు. వెనకే ఇంచుమించు 250 ఏనుగులు, తెప్పల మీద దొరికినంత మంది సిపాయిలు. అవతల గట్టెక్కింది రెండు వేల మంది. ఎదురొచ్చింది ముప్పై వేలు. వెనక్కి మళ్లినవారిలో చాలామంది కృష్ణలోనే కలిసిపోయారు.

ఇది ఫెరిష్తా చెప్పిన కథ. ఆయన బిజాపూరు కొలువులోనే కూర్చుని, ఎనభై ఏళ్లకు పైగా గడిచాక రాశాడు. గుర్రాల వ్యాపారి నూనిజ్ అనే పోర్చుగీసువాడి కథనంలో అదే యుద్ధం ఫిరంగులతో, లక్షల సేనతో హోరెత్తుతుంది. ఓటమికి మత్తును కారణం చేయడం ఆస్థాన చరిత్రకారుడికి అనువైన పనే. అయినా కథ మాత్రం నిలిచింది.

ఆ దోఆబ్ నడుమ, రాయచూరు నుంచి దేవదుర్గ వెళ్లే వైపు ఉంది గబ్బూరు. పాత పేరు గోపురగ్రామం. మలెశంకర, వేంకటేశ్వర, ఈశ్వర, బంగారు బసప్ప, హనుమంత దేవాలయాలు, వాటి చుట్టూ శాసనాలు. ఒకప్పుడు చదువులకు పేరుమోసిన ఊరు. 1956 దాకా ఇది హైదరాబాదు రాష్ట్రపు పల్లె. వేసవిలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటడం వింత కాదు. ఇలాంటి చోట ఒక మంచి ఫ్రెంచి ఎర్ర వైన్ సీసా దాచాలంటే ఎక్కడ దాస్తారు?

దాచడం ఈ సీమకు కొత్త విద్య కాదు. జొన్నలను నేలలో గుంత తవ్వి పాతరేసేవారు. కన్నడంలో దాన్నే హగేవు అంటారు. పాత బియ్యం, పాత చింతపండు, మూడో ఏడు ఆవకాయ విలువ తెలుగింటికి ఒకరు చెప్పనక్కర్లేదు. తాగేదాని సంగతే వేరు. ఈత కల్లు పొద్దున దించితే తీపి, మధ్యాహ్నానికి ఘాటు, మర్నాటికి పులుపు. దాన్ని దాచాలని ఎవరికీ తోచదు.

నిజానికి ఇస్మాయిల్ రోజుల్లో ఫ్రాన్సులోనూ అంతే. బోర్డో వైన్ పీపాల్లో ఓడలెక్కి ఇంగ్లండు చేరేది, ఏడాది తిరక్కుండా అయిపోవాలి. కొత్త పంట వచ్చిందంటే పాతదాని ధర పడిపోయేది. దక్కన్ దర్బారుల్లో పేరున్న షీరాజ్ వైన్ పర్షియా నుంచి ఓడల మీద వచ్చేది. అన్నట్టు, ఈనాడు షిరాజ్ అనే పేరుతో దొరికే ద్రాక్షకు ఆ ఊరితో సంబంధం లేదు. దాని తల్లిదండ్రులు రెండూ ఆగ్నేయ ఫ్రాన్సు ద్రాక్షలేనని డీఎన్ఏ పరీక్షలో తేలింది.

కథ మార్చింది సీసా, బిరడా. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండులో బొగ్గు కొలిమి వేడికి గట్టి గాజు తయారైంది. మొదట బొజ్జ సీసాలు. తర్వాతి శతాబ్దంలో అవి సన్నబడి, నిలువై, పక్కకు పడుకోబెట్టడానికి వీలయ్యాయి. పడుకుంటే బిరడా తడిగా ఉంటుంది. తడిగా ఉంటే ఎండి బిగువు కోల్పోదు, గాలి లోపలికి దూరదు.

లోపల జరిగేది నెమ్మది వ్యవహారం. ఎర్ర వైన్‌ను తొక్కలు, గింజలతోనే పులియబెడతారు కాబట్టి వాటి వగరంతా రసంలోకి దిగుతుంది. లేత సీసా విప్పితే నేరేడు పండు తిన్నట్టు నాలుక బిగుసుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, బరువెక్కి, మడ్డిగా అడుగున దిగుతాయి. నేరేడు రంగు ఇటుక రంగుకు తిరుగుతుంది. పండు వాసన తగ్గి తోలు, పొగాకు, తడి ఆకుల వాసన పైకొస్తుంది. అందుకే రుచి చూసేవారు ముందు గ్లాసును తెల్లగుడ్డ మీదికి వంచి అంచు రంగు చూస్తారు, తర్వాత తిప్పి వాసన పీలుస్తారు, ఆ తర్వాతే నోట్లో పోసుకుని చిగుళ్ల దాకా తిప్పుతారు. పాత సీసానైతే ఒక రోజు ముందే నిలబెట్టి, మడ్డి దిగాక పైతేట మాత్రం వంచుకుంటారు. చారు తేట వంచే చేతికి ఇందులో నేర్చుకోవలసింది పెద్దగా లేదు. అన్ని వైన్లూ ఇలా పండవు; చాలావాటిని రెండు మూడేళ్లలో తాగేయడమే మేలు.

పండేదానికి చీకటి, తేమ, అన్నిటికన్నా ముందు పన్నెండు నుంచి పద్నాలుగు డిగ్రీల చల్లదనం కావాలి. గబ్బూరు చిక్కల్లా ఇక్కడే. కొన్ని గజాల లోతుకు వెళితే నేల వేడి ఆ ఊరి ఏడాది సగటు వేడికి సమానమవుతుంది. బోర్డోలో ఆ సగటు పద్నాలుగు దరిదాపు, అంటే నేలమాళిగ తవ్వితే చాలు. రాయచూరులో సుమారు ఇరవై ఏడు. ఎంత లోతు పాతర తవ్వినా జొన్నలు నిలుస్తాయి కానీ వైన్ ఉడికిన పండులా మారుతుంది.

దక్కన్‌లో ద్రాక్ష లేక కాదు. 1660లలో గోల్కొండ చూసిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, అక్కడ జనవరికే ద్రాక్ష పండుతుందనీ, దానితో తెల్ల వైన్ చేస్తారనీ రాశాడు. ఫ్రెంచివాళ్లకూ కొదవ లేదు. ఆదోని, రాయచూరు జాగీరుదారు బసాలత్ జంగ్ కొలువులో ఫ్రెంచి దళం ఉండేది. నిజాం సేనాని రేమండ్ అయితే బోర్డోకు పొరుగు సీమ గాస్కనీలోనే పుట్టాడు. హైదరాబాదులో తోపుల కార్ఖానా నడిపించి 1798 మార్చిలో చనిపోయాడు. బోర్డోలోని షాతో లఫీత్ నేలమాళిగలో ఇప్పటికీ భద్రంగా ఉన్న అతి పాత సీసాలు 1797 నాటివి. రేమండ్ చివరి వేసవిలో, అతను పుట్టిన దిక్కున పండిన ద్రాక్ష అది.

కన్నడనాట బోర్డో తరహా ఎర్ర వైన్‌కు చోటు చివరికి దక్షిణాన, నంది కొండల పక్కన సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున దొరికింది. అక్కడి గ్రోవర్ తోటలకు బోర్డో నిపుణుడు మిషెల్ రోలాన్ సలహాదారయ్యాడు. 2007లో కర్ణాటక రాష్ట్రం వైన్ విధానం తెచ్చినప్పుడు నంది లోయతో పాటు కృష్ణా లోయనూ గుర్తించింది. అయితే అది గబ్బూరుకు ఎగువన, బిజాపూరు, బాగల్‌కోట వైపు. అక్కడి ద్రాక్షలో చాలా భాగం ఎండి కిస్‌మిస్ అవుతుంది.

ఇక ఇస్మాయిల్ సంగతి. ఏరు దాటి ఓడిపోయి వచ్చాక రాయచూరు, ముద్గల్ కోటలు తిరిగి చేజిక్కేదాకా వైన్ ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. రాయలు పోయాక, 1530లో ఆ రెండు కోటలూ దక్కాయి. అలా ఒట్టు పెట్టుకున్న పదేళ్లకు మళ్లీ గిన్నె అందుకున్నాడు. ఆ విందు సంగతీ ఫెరిష్తా రాశాడు.