అన్ని వెబ్‌సైట్లకూ ఈ ఊదా రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈరోజు ఎపిసోడ్ మా పిన్ని పచ్చళ్ల దగ్గర మొదలై, ముప్పై ఏళ్లకు పైగా వెనక్కి వెళ్లి, మళ్లీ ఆ పచ్చళ్ల దగ్గరికే వస్తుంది.

మా పిన్ని రాజమండ్రిలో ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. ఆవకాయ, మాగాయ, గోంగూర. ఇన్నాళ్లూ ఆర్డర్లన్నీ ఫోన్లోనే. పోయిన వేసవిలో "ఒక వెబ్‌సైట్ చేసిపెట్టరా" అంది. నేను ఏఐ కోడింగ్ టూల్ తెరిచి, "పచ్చళ్ల వ్యాపారానికి మంచి మోడర్న్ వెబ్‌సైట్ చెయ్యి" అని ఒక్క లైను రాశాను. అరగంటలో సైట్ రెడీ. పైన ఊదా నుంచి నీలంలోకి కరిగిపోయే రంగు, మధ్యలో పెద్ద పెద్ద అక్షరాలు, కింద గుండ్రటి మూలలున్న డబ్బాలు మూడు, ఒక్కో డబ్బాలో ఒక ఎమోజీ. చూసుకుని మురిసిపోయాను.

మర్నాడు, పదేళ్లుగా పచ్చళ్లు కొంటున్న ఒకావిడ పిన్నికి ఫోన్ చేశారు. "ఆ లింకు నువ్వు పంపిందేనా అమ్మా? అచ్చం ఇలాంటి సైట్‌లోనే నెల కిందట చీర కొంటే డబ్బులు పోయాయి. భయమేసి మూసేశాను" అన్నారట. పిన్ని నన్నేమీ తిట్టలేదు. "ఇందులో నా పచ్చడి ఎక్కడుందిరా?" అని మాత్రం అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. అందుకే అసలు ఈ ముఖం ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడం మొదలుపెట్టాను.

1991లో టిమ్ బెర్నర్స్-లీ స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధనాలయంలో మొదటి వెబ్‌సైట్ పెట్టినప్పుడు డిజైన్ అనే మాటే లేదు. అక్షరాలు, లింకులు, అంతే. 1993లో మొజాయిక్ బ్రౌజర్ వచ్చింది. బూడిద రంగు పేజీ, నీలం రంగు లింకులు. ఆ రంగులు సైట్ చేసినవాళ్లు ఎంచుకున్నవి కావు, బ్రౌజర్ ఇచ్చినవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి. మనం ఏమీ చెప్పకపోతే పనిముట్టు తన దగ్గరున్నదే ఇస్తుంది. దాన్నే డీఫాల్ట్ అంటాం. ఈ కథంతా డీఫాల్ట్ కథే.

1994లో మొదలైన జియోసిటీస్ మామూలు జనానికి ఉచితంగా పేజీలు ఇచ్చింది. మెరిసే అక్షరాలు, కదిలే బొమ్మలు, నక్షత్రాల బ్యాక్‌గ్రౌండ్లు... సంక్రాంతికి ఎవరి వాకిట్లో వాళ్లు ముగ్గేసుకున్నట్టే ఉండేది. చాలా పేజీలు కళ్లు చెదిరేలా ఉండేవి, నిజమే. కానీ ఏ పేజీ ఎవరిదో చూడగానే తెలిసేది. 2009లో అమెరికాలో ఆ సర్వీసును మూసేశారు.

ఈలోగా 1996లో సీఎస్ఎస్ వచ్చింది. పేజీలో ఏముందో ఒకచోట, అది ఎలా కనిపించాలో ఇంకోచోట రాసుకోవచ్చు అన్నమాట. దాని సత్తా చాలామందికి అర్థమైంది మాత్రం 2003లో. డేవ్ షే అనే కెనడా డిజైనర్ సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైట్ పెట్టాడు. నియమం ఒక్కటే: హెచ్‌టీఎంఎల్‌ని ముట్టుకోకూడదు, సీఎస్ఎస్, బొమ్మలు మాత్రమే మార్చాలి. ప్రపంచం నలుమూలల నుంచీ డిజైనర్లు పంపారు. ఒకటి పాత పుస్తకంలా, ఇంకోటి సినిమా పోస్టర్‌లా. లోపలి మాటలు అక్షరం మారలేదు, పేజీ మాత్రం గుర్తుపట్టలేనంత మారిపోయింది.

మరి అంత స్వేచ్ఛ ఉన్నాక మళ్లీ అన్నీ ఒకేలా ఎందుకు అయ్యాయి? ఒక పెద్ద కారణం మన జేబులోనే ఉంది. 2007లో ఐఫోన్ వచ్చాక ఒకే సైట్ చిన్న తెర మీదా పెద్ద తెర మీదా సరిగ్గా కనబడాల్సి వచ్చింది. ఆ పని సొంతంగా చెయ్యడం చిన్న టీములకు భారం. 2011లో ట్విటర్‌లో పనిచేసే మార్క్ ఒట్టో, జేకబ్ థార్న్‌టన్ బూట్‌స్ట్రాప్‌ను అందరికీ ఉచితంగా ఇచ్చారు. బటన్లు, ఫారాలు, మెనూలు అన్నీ రెడీమేడ్. లెక్కలేనన్ని చిన్న సంస్థలు దాంతో నిలబడ్డాయి, అది మేలే. కానీ చాలామంది దాన్ని విప్పి వాడేశారు తప్ప మార్చుకోలేదు. ఎక్కడ చూసినా అదే నీలం బటన్.

2017లో ఆడమ్ వాథన్, అతని మిత్రులు టెయిల్‌విండ్ తెచ్చారు. మంచి పనిముట్టు, ఏ రంగైనా వేసుకోవచ్చు. దానికి తోడుగా 2020లో అమ్మిన టెయిల్‌విండ్ యూఐ నమూనాల్లో మాత్రం బటన్లకు ఇండిగో, అంటే నీలానికీ ఊదాకీ మధ్య రంగు వేశారు. ఏదో ఒకటి వెయ్యాలి కాబట్టి వేసిన రంగు. జనం దాన్నే కాపీ చేసుకున్నారు. ఆ కోడ్ ఇంటర్నెట్ నిండా పరుచుకుంది.

తర్వాత ఏఐ మోడల్స్ ఇంటర్నెట్‌లో ఉన్న కోడ్ చదివి నేర్చుకున్నాయి. మనం "మోడర్న్ వెబ్‌సైట్" అంటే, ఆ మాట పక్కన తాము ఎక్కువసార్లు చూసిందే ఇస్తాయి. అదే ఇండిగో, అదే ఇంటర్ ఫాంట్, అవే మూడు డబ్బాలు. 2025లో వాథనే సరదాగా క్షమాపణ చెప్పాడు: ఒకప్పుడు తాను బటన్లకు వేసిన రంగు వల్లే ఏఐ చేసిన సైట్లన్నీ ఇండిగో అయిపోయాయని.

అంటే మా పిన్ని పచ్చళ్ల సైట్ రంగును నేనూ ఎంచుకోలేదు, ఏఐ కూడా ఎంచుకోలేదు. ఎప్పుడో ఎవరో ఖాళీ ఉంచడం ఎందుకని వేసిన రంగు అది. ఇంత సులువుగా దొరికే ముఖం కాబట్టే మోసగాళ్లూ అదే తగిలించుకుంటున్నారు. ఆవిడ భయపడటంలో తప్పేముంది చెప్పండి?

సరే, రెండోసారి ఏం చేశానంటే, టూల్ తెరవకముందు పిన్ని వంటింట్లోకి వెళ్లాను. పైన గోధుమ, కింద తెలుపు రంగున్న జాడీకి ఫోటో తీశాను. ఆవపిండి పసుపు, కారం ఎరుపు, సీసాల మీద పిన్ని చేత్తో రాసి అంటించే చీటీలు, అన్నీ తీశాను. ఆ ఫోటోలు ఏఐకి ఇచ్చి, "రంగులు వీటిలోంచే తియ్యి. ఊదా వద్దు, ఎమోజీలు వద్దు. పేజీ సీసా మీది చీటీలా ఉండాలి. ఒకదానికొకటి పోలిక లేని మూడు నమూనాలు చూపించు" అని రాశాను.

తెలుగు అక్షరాల దగ్గర ఇంకో సంగతి తెలిసింది. ఇంటర్ ఫాంట్‌లో తెలుగు లేదు. అందుకని ఫోన్ తన దగ్గరున్న ఏదో తెలుగు ఫాంట్ చూపించేస్తుంది. కానీ గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ, పెద్దన, ఎన్టీఆర్ లాంటి పేర్లతో తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. నేను శీర్షికలకు రామభద్ర, మిగతా వాక్యాలకు మండలి పెట్టాను. మన అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కదా, ఇంగ్లీషుకు సరిపోయే లైన్ల ఎడం మనకు చాలదు. అది కూడా పెంచమన్నాను.

ఒక్కటి మాత్రం మార్చలేదు. ఆర్డర్ బటన్, డబ్బు కట్టే చోటు జనానికి అలవాటైనట్టే ఉంచాను. కొత్తదనం కోసం మనిషిని తికమక పెట్టకూడదు. ముఖం మనదిగా ఉండాలి, దారి అందరికీ తెలిసిందిగా ఉండాలి.

ఏఐ వచ్చి అంతా ఒకేలా చేసేసిందని చాలామంది అంటున్నారు. చరిత్ర చూస్తే మొజాయిక్ బూడిద రంగు నుంచీ జరుగుతున్నది ఇదే. పనిముట్టుకు మనం ఏమీ ఇవ్వకపోతే నిన్నటి వాళ్లు వదిలేసింది మన చేతిలో పెడుతుంది. జెన్ గార్డెన్ వాళ్లు తమ దగ్గరున్నది తెచ్చి పోశారు, అంతే తేడా.

కొత్త లింకు ఆవిడకు పంపాం. "జాడీ చూడగానే మీ ఇల్లే అనిపించిందమ్మా" అన్నారు. రెండు కిలోల మాగాయ ఆర్డర్ ఇచ్చారు కూడా. ఫోన్లోనే అనుకోండి!

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.