సీసం: రోజూ కొంచెం కొంచెంగా ఒంట్లో చేరే విషం

2020 డిసెంబర్‌లో ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయారు. బాధితుల రక్తనమూనాల్లో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది. తర్వాత నిపుణుల అనుమానం పురుగుమందుల అవశేషాల మీదకు మళ్లింది, సీసం మాట వెనకబడింది. నిజానికి సీసం సాధారణంగా ఒక్కరోజులో మనిషిని పడగొట్టదు. బయటికి ఏ లక్షణమూ లేకుండానే ఏళ్ల తరబడి ఒంట్లో పేరుకుంటుంది. అందుకే తిరువూరు లాంటి చిన్న పట్టణంలోనూ దీన్ని చర్చకు పెట్టాలంటున్నాం.

ఎక్కడి నుంచి వస్తుంది?

గాలి: సీసం కలిపిన పెట్రోలు దేశంలో 2000లో ఆగిపోయింది. ఇప్పుడు పాత బ్యాటరీలను పగలగొట్టి, కరిగించే చోట పొగలో వస్తోంది.

మట్టి, దుమ్ము: సీసం కుళ్లిపోదు, ఆవిరైపోదు. పడిన చోటే ఉంటుంది. ఇళ్ల రంగుల్లో 90 పీపీఎం మించి ఉండకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు గోడలకు, తలుపులకు ఇంకా ఉంది. దాన్ని గీకితే లేచే దుమ్ము ప్రమాదం.

నీరు: తాగునీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు. మరగబెడితే సూక్ష్మజీవులు చస్తాయిగానీ సీసం పోదు.

తిండి: విడి పసుపులో మెరుపు కోసం కలిపే లెడ్ క్రోమేట్, తుక్కు లోహంతో పోసిన నాసిరకం వంటపాత్రలు.

ఎవరి మీద పడుతుంది?

తుక్కు ఏరేవాళ్లు, గోడలు గీకే కూలీలు, పారిశుధ్య కార్మికులు ఆ దుమ్మును బట్టల మీద ఇంటికి మోసుకొస్తారు. నేల మీద పాకి, చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలు దాన్ని మింగుతారు. మింగిన సీసంలో పెద్దవాళ్ల కంటే పిల్లల ఒంటికి పట్టేది నాలుగైదు రెట్లు ఎక్కువ. ఇనుము, కాల్షియం తక్కువైతే ఇంకా ఎక్కువ పడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో సుమారు 63 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే కులం కేటాయించిన పనీ, అరకొర తిండీ కలిసి ఒకే పిల్ల మీద పడుతున్నాయి. దెబ్బతినేది మెదడు. తర్వాత బడిలో వెనకబడితే 'చదువు రాని పిల్ల' అన్న ముద్ర వేస్తారు.

ఏం అడగాలి?

రక్తంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదు. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే మూలాన్ని వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. రక్తం పరీక్షించకుండా ఆ సంఖ్య తెలియదు. కాబట్టి ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు, చిన్నపిల్లలకు ఈ పరీక్ష కావాలి. ఎస్సీ కాలనీల్లో బోరు నీటి పరీక్షల జాబితాలో సీసం ఉండాలి. తిరువూరు నియోజకవర్గంలోనే ఉన్న ఎ.కొండూరు తండాలు ఏళ్లుగా కిడ్నీ వ్యాధితో బాధపడుతున్నాయి. దానికి సీసమే కారణమని మేం అనడం లేదు. కిడ్నీలను దెబ్బతీసే లోహాల్లో అదీ ఒకటి కాబట్టి అక్కడా వెతకమంటున్నాం.

ఈలోగా ఇంట్లో చేయగలిగినవి కొన్ని ఉన్నాయి: పనిబట్టలు విడిగా ఉతకడం, పొడి చీపురుకు బదులు తడిగుడ్డతో నేల తుడవడం, తినేముందు పిల్లల చేతులు కడగడం, అంగన్‌వాడీ గుడ్డు, పాలు తప్పకుండా అందేలా నిలదీయడం. బ్యాటరీలు కరిగించే చోటును ఇళ్ల మధ్య నుంచి తరలించడం మాత్రం అధికారుల బాధ్యత. దాన్ని తల్లుల శుభ్రత మీదకు నెట్టనివ్వకూడదు.