వంతెన యెప్పటికి పూర్తి యగును?



ఏటియొడ్డున నిలిచి, సగము కట్టి విడిచిన స్తంభములను చూచుచు, "ఇది యెప్పటికి పూర్తి యగును?" అని యడుగనివారు మనలో లేరు. ఈ ప్రశ్న వినగానే అధికారులు కొందఱు విసుగుకొందురు. కొందఱు నవ్వి యూరకుందురు. నేను ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండి, ప్రశ్నలడుగువారి నడుమ బ్రదికినవాడను. ప్రశ్న యెంత చిన్నదైనను తోసివేయరాదని నా యభ్యాసము. కావున ఈనాడు ఆ ప్రశ్ననే చేతబట్టుకొని, మన గోదావరిపైని కట్టడముల కథను కొంత విన్నవించెదను.

మన పూర్వులకు వంతెన యనగానే తలపునకు వచ్చునది రామసేతువు. వాల్మీకి మహర్షి యుద్ధకాండమున నలుడు సేతువు కట్టిన విధమును చెప్పుచు నొక లెక్క యిచ్చినాడు. మొదటినాడు 14 యోజనములు, రెండవనాడు 20, మూడవనాడు 21, నాలుగవనాడు 22, ఐదవనాడు 23. వెరసి 100 యోజనములు. నేను చదువుకొనునాడు మా గురువుగారు ఐదు దినములలో పని ముగిసినదను విశేషమునే చెప్పి ముందునకు సాగిరి. వయసు మీఱిన పిమ్మట నాకు మఱి రెండు విశేషములు తోచినవి. మొదటినాటి పని అన్నిటికంటె తక్కువ. చేయి తిరిగినకొలది పని పెరిగినది. ఇది యొకటి. ఏనాటి పని ఆనాటి లెక్కగా లోకమునకు తెలిసినది. ఇది రెండవది. ఒడ్డున వేచియున్నవానికి కావలసినది ఈ రెండవదే.

ఇక గోదావరి కథకు వత్తము.

1833 ప్రాంతమున తెలుగు సీమలో ఘోరమైన కఱవు వచ్చినది. గోదావరి నీరు కన్నులయెదుట సముద్రమున కలియుచుండగా దాని యొడ్డుననే జనము తిండిలేక మడిసిరి. అటుపిమ్మట సర్ ఆర్థరు కాటను దొర ధవళేశ్వరమున ఆనకట్ట కట్టవలెనని వ్రాసిపంపెను. పని 1847లో మొదలై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, లంకలను నడుమ నుంచుకొని, రెండుమైళ్లకు పైబడిన కట్టడము లేచినది. మధ్యలో కాటను జబ్బుపడి సెలవుపై పోగా ఆర్ అను కెప్టెను పనిని నడపెను. వీణెము వీరన్నగారు కూలివాండ్రను కూడగట్టి, పనిని సాగించి, నేటికిని గోదావరి మండలమున స్మరింపబడుచున్నారు.

"అంతటి పని యైదేండ్లలో ముగిసినది, ఇప్పుడు చిన్న వంతెనకు పదేండ్లా?" అని పెద్దలు తఱచుగా అందురు. ఆ మాట నిజమే; కాని సగము నిజము. కఱవు వచ్చినది 1833లో. మొదటి రాయి పడినది 1847లో. నడుమ 14 ఏండ్లు కాగితములమీద గడచినవి. కట్టువాడు పని మొదలైననాటినుండి లెక్కించును. ఆకలిగొన్నవాడు ఆకలి పుట్టిననాటినుండి లెక్కించును. ఇరువురి లెక్కలును సరియైనవే, మొదలు మాత్రము వేఱు. వంతెనలను గుఱించిన తగవులలో పెక్కు ఈ రెండు లెక్కలను కలిపి చూచుటవలననే పుట్టుచున్నవి.

రైలు విషయమును చూడుడు. బెజవాడనుండి కటకమువఱకు తూర్పుతీరపు రైలుమార్గము 1893 మొదలు 1896 లోపల పఱచిరి. ఇనుపదారి వచ్చినది కాని గోదావరి యడ్డముగా నుండెను. బండి దిగి, మూటలు నెత్తిన బెట్టుకొని, నావ యెక్కి, ఆవలి యొడ్డున మరల బండి యెక్కవలసివచ్చెను. 1897 నవంబరులో వాల్టన్ అను ఇంజనీరు ఆధ్వర్యమున వంతెన పని మొదలైనది. 1900 ఆగస్టునాటికి దానిమీద రైలు నడచినది. ఒక్కొక్కటి 150 అడుగుల వెడల్పుగల 56 ఖానాలు. పొడవు రమారమి 2.7 కిలోమీటర్లు. మూడేండ్లు నిండకమునుపే ఇంతటి పని జరుగుట నేటికిని వింతయే. ఆనాటి మద్రాసు గవర్నరు పేర దానిని హేవలాకు వంతెన యనిరి. అది 1997వఱకు బండ్లను మోసినది.

ఇట్టి వంతెనకు పునాది యెట్లు వేయుదురో పెద్దలకు చెప్పనక్కఱలేదు. మన పల్లెలలో ఒరలు దింపి నూతులు త్రవ్వు పద్ధతియే అది. ఇసుకపై ఇనుప అంచుగల వలయము నుంచి, దానిపై గుండ్రని గోడ కట్టి, లోపలి ఇసుకను తోడుచుందురు. గోడ తన బరువుననే క్రిందికి దిగును. దిగినకొలది పైని కట్టుదురు, మరల తోడుదురు. గట్టినేల తగులువఱకు ఇదియే పని. ఒకప్రక్క మెత్తగాను ఒకప్రక్క గట్టిగాను తగిలినచో బావి ఒరగును. దానిని నిలువునకు తెచ్చుటకే నెలలు పట్టవచ్చును. ఈ పనియంతయు కార్తికము దాటిన పిమ్మట మొదలుపెట్టి, జ్యేష్ఠము వెళ్లులోపల ముగింపవలెను. ఆషాఢమున ఎఱ్ఱనీరు వచ్చినదా, నది తన చోటు తాను తీసికొనును. 1986 ఆగస్టున ధవళేశ్వరమున 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయిన సంగతి మీలో చాలమంది కన్నులార చూచినదే. ఒక పనికాలమున నెల జాఱినచో నష్టము నెలకాదు, ఏడాది. ఒడ్డుననుండి చూచువానికి నీటిపైన లేచిన స్తంభమే కనబడును. దాని క్రిందనున్న బావికి పట్టిన కాలము కనబడదు. "రెండేండ్లయినను ఏమియు లేవలేదు" అను మాట తఱచుగా ఈ కారణమున పుట్టినదే.

రైలునకు 1900లోనే దారి దొరకినది కాని, రాజమహేంద్రవరమునొద్ద బస్సునకు, లారీకి, కాలినడకవానికి దారి దొరకినది 1974లో. అనగా 74 ఏండ్లు. ఆ యేట రోడ్డును రైలును ఒకదానిపై నొకటిగా మోయు రెండవ వంతెన తెఱచిరి. నేనప్పుడు పండ్రెండేండ్ల బాలుడను. అంతకుమునుపు మా నాయనగారితో లాంచీలో కొవ్వూరు దాటిన జ్ఞాపకము నాకు గలదు. గాలి లేచినపుడు లాంచీలోని స్త్రీలు గోదావరితల్లికి పసుపుకుంకుమలు మ్రొక్కుకొనెడివారు. వంతెన తెఱచిన పిమ్మట మా నాయనగారు పనిలేకున్నను నన్ను బస్సులో నెక్కించుకొని ఆవలికి పోయి, టీ త్రాగి, తిరిగివచ్చిరి. నగరమువైపున ఆ వంతెన వంపు తిరుగును. "తిన్నగా కట్టలేకపోయిరా?" అని నేనడిగితిని. "తిన్నగా పోయినచో ఎవరి యిల్లు పోవలె?" అని ఆయన యనెను. ఆ మాట నేటికిని మఱవలేదు.

మూడవది విల్లువలె వంగిన కమానుల రైలువంతెన. 1991లో మొదలై 1997లో పూర్తియైనది. ఒక్కొక్కటి 97 మీటర్లకు పైబడిన 28 ఖానాలు. నాలుగవది రోడ్డువంతెన. ముందు చెప్పిన గడువులు దాటి, 2015లో గోదావరి పుష్కరములనాటికి జనులకు దారి యిచ్చినది. పాత ఆనకట్టకు మాఱుగా కట్టిన కాటను బారేజి 1982లో ముగిసినది. దానికి ఆనకట్టకు పట్టిన యైదేండ్లకంటె చాల యెక్కువ కాలము పట్టినది.

ఇక పోలవరము. 1940లనాడు రామపాదసాగరమను పేర తలపెట్టిన యోచన అది. 2004 తరువాత పని సాగి, 2014లో జాతీయప్రాజెక్టు అయినది. నదిని మళ్లించు తాత్కాలికపు కట్టలు పూర్తిగా మూయకమునుపే 2019, 2020లలో వరదలు వచ్చి, భూమిలోపల కట్టిన డయాఫ్రమ్ గోడను దెబ్బతీసినవి. దానికి బదులుగా క్రొత్తగోడ పని 2025 జనవరిలో మొదలైనది. ఏ పని ముందు, ఏ పని వెనుక అను క్రమము తప్పినచో నది క్షమింపదని దీనివలన తెలియును. ఆలస్యము చెడ్డదే, క్రమము తప్పిన తొందర ఇంకను చెడ్డది.

మఱియొక మాట. పోలవరమునకై ఊళ్లు విడిచినవారిలో కోయలు, కొండరెడ్లు అనేకులు. 2014 జనవరినుండి అమలునకు వచ్చిన భూసేకరణ చట్టము, భూమి తీసికొనునపుడు పరిహారమును పునరావాసమును చూడవలెనని కట్టడి చేసినది. దొరలనాడు ఇట్టి కట్టడి లేదు. నేడు పట్టుచున్న కాలములో కొంత న్యాయమునకు పట్టుచున్న కాలము. అది కూడదనుట పెద్దలకు తగదు. అయితే న్యాయము పేర జరుగు ఆలస్యమేదో, అలసత్వమువలన జరుగు ఆలస్యమేదో మనకు తెలియుట యెట్లు? ఇక్కడ నా యనుభవమొకటి చెప్పెదను.

మా యూరికిని ఉన్నతపాఠశాలకును నడుమ గోదావరి పాయ యొకటి గలదు. దానిపై వంతెనకు శంకుస్థాపన జరిగిననాడు మా బడిపిల్లలచేత ప్రార్థన పాడించినవాడను నేనే. మూడేండ్లకు స్తంభములు లేచినవి, పైకప్పు పడినది. అంతటితో పని ఆగినది. రెండువైపుల నేల తగులని వంతెన గాలిలో వ్రేలాడుచున్నట్లుండెను. అర్జీలు వ్రాసితిమి. "పరిశీలనలో నున్నది" అను ప్రత్యుత్తరము మూడుసారులు వచ్చినది. తొమ్మిదవ తరగతిలో నుండిన యొక బాలిక, లెక్కలలో నేను చూచిన పిల్లలందఱిలో మొదటిది, వరదనాళ్లలో పడవ యెక్కించుటకు తల్లిదండ్రులు జంకగా చదువు మానినది. ఇట్లు ఎనిమిదేండ్లు గడచినవి.

ఒకనాడు క్రొత్తగా వచ్చిన యువ ఇంజనీరు మా రావిచెట్టు అరుగుపై కూర్చుండి, నేలపై పుల్లతో గీతలు గీసి సంగతి చెప్పెను. వంతెనకు డబ్బు కొఱత లేదు. కట్టువానికి జబ్బులేదు. ఆవలివైపు గట్టువేయుటకు కావలసిన అరయెకరము అన్నదమ్ములిరువురి దావాలో నున్నది. ఎవరి పేర పరిహారమీయవలెనో తేలక కాగితము నిలిచిపోయినది. ఆ యన్నదమ్ములిరువురును ఆ సమయమున ఆ యరుగుమీదనే యుండిరి! తమ దావావలన వంతెన ఆగినదని వారికిని తెలియదు. ఊరిపెద్దలు ఇరువురిని కూర్చుండబెట్టి మాటలాడిరి. పదునైదు దినములలో రాజీ కుదిరినది. మఱుసటి వేసవికి బండ్లు నడచినవి. అందఱమును సంతసించితిమి. ఆ బాలిక చదువు మాత్రము తిరిగిరాలేదు.

ఎనిమిదేండ్లలో ఎవరును దొంగతనము చేయలేదు, ఎవరును ద్రోహము తలపెట్టలేదు. చెప్పవలసినవారు చెప్పలేదు. మేమును అడుగవలసినట్లు అడుగలేదు, "ఎప్పటికి?" అని యడిగితిమే కాని "ఎందువలన?" అని యడుగలేదు.

కావున పెద్దలకు నా విన్నపము. మీ యూరి వంతెన ఆగినపుడు మూడు ప్రశ్నలడుగుడు. నీటిక్రింది పని యెంతవఱకు వచ్చినది? ఈ పనికాలమున ఏమి ముగింపవలసియున్నది? ఆగినచో ఎవరి కాగితమువలన ఆగినది? 2005లో వచ్చిన సమాచారహక్కు చట్టముక్రింద ఈ ప్రశ్నలను వ్రాతమూలకముగా అడుగు అధికారము ప్రతి పౌరునకును గలదు. సామాన్యముగా 30 దినములలో ప్రత్యుత్తరము రావలెను. అర్జీ వ్రాయుట రానివారికి వ్రాసిపెట్టుట చదువువచ్చిన పెద్దల ధర్మము. అధికారులకును ఒక మాట: పనిచోట పలకమీద గుత్తేదారు పేరు, మొత్తము ఖర్చు వ్రాసినంతమాత్రమున చాలదు. నెలకొకమారు, ఇంత యైనది, ఇంత మిగిలినది, ఇందువలన ఆగినది అని సుద్దముక్కతో వ్రాయించినను చాలును.

నలుని సేతువునకు అట్టి లెక్క యుండినది. మన పాయలమీది వంతెనలకును ఉండవలెను.