సస్తా ముల్క్ ఏది? నూరేళ్ల తారీఖ్ ఇచ్చే జవాబు



బీటెక్ ఆఖరి సాలు నడుస్తుంటే చాలు, మన ఇళ్లల్లో దస్తర్‌ఖాన్ దగ్గర ఒకటే సవాల్: "యూరప్‌లో ఏ ముల్క్ సస్తా?" అబ్బా కాగితం మీద లెక్కలు వేస్తారు. అమ్మీ తన జేవర్ గుర్తు చేసుకుంటుంది. సూద్ లేకుండా కర్జా ఎవరిస్తారోనని మామూకు, చాచాకు ఫోన్లు వెళ్తాయి. ఈ సవాల్ కొత్తదేమీ కాదు. నూరేళ్ల కిందట హైదరాబాద్ గడ్డ మీద పుట్టిన నౌజవాన్లు కూడా యూరప్ దారి పట్టారు. వాళ్ల తారీఖ్ ఒకసారి తిరగేస్తే మన ఫైస్లా కొంత ఆసాన్ అవుతుంది.

ఆ జమానాలో విలాయత్ అంటే ఇంగ్లండే. బారిస్టరీకైనా, ఐసీఎస్‌కైనా అందరూ అటే వెళ్లేవారు. ఆ ఖర్చు జాగీర్దార్లకు, పెద్ద ఓహదాల్లో ఉన్నవారికి తప్ప మిగతావారికి భారమే. ఇంజనీరింగ్, కెమిస్ట్రీ విషయానికొస్తే మాత్రం జర్మనీ పేరు మారుమోగేది. ప్రష్యాలోని టెక్నికల్ కాలేజీలకు 1899లోనే డాక్టరేట్ ఇచ్చే హక్కు దొరికింది. యూనివర్సిటీలతో సమానమైన ఇజ్జత్ ఇంజనీర్లకు అక్కడ అంత ముందే దక్కింది. పైగా 1919-20లో ఖిలాఫత్, సహాయ నిరాకరణ తహ్రీకులు లేచాక, అంగ్రేజుల గడప తొక్కకుండా ఇల్మ్ సంపాదించాలనే జజ్బా కూడా తోడైంది.

జాకిర్ హుసేన్ సాహెబ్‌నే తీసుకోండి. 1897లో హైదరాబాద్‌లో పుట్టారు. అలీగఢ్‌లో చదువుతూ తహ్రీక్‌లో చేరి, 1920లో జామియా మిల్లియా పుట్టుకలో భాగమయ్యారు. 1922లో బెర్లిన్ వెళ్లారు. అప్పుడు జర్మనీ మార్క్ పడిపోతూ ఉంది. 1923 నవంబర్ నాటికి ఒక డాలర్‌కు 4.2 లక్షల కోట్ల మార్కులు! బయటి ముల్కుల డబ్బు చేతిలో ఉన్నవాడికి బెర్లిన్ భలే సస్తా. కానీ అదే నవంబర్‌లో హుకూమత్ కొత్త కరెన్సీ తెచ్చింది. ఆ సస్తా జమానా అక్కడితో ఖతం.

జాకిర్ సాహెబ్ మాత్రం ఆగలేదు. 1926లో ఎకనామిక్స్‌లో డాక్టరేట్ పూర్తిచేసి, మూతపడే హాలత్‌లో ఉన్న జామియాను నిలబెట్టడానికి తిరిగొచ్చారు. 1967లో ముల్క్‌కే సదర్ అయ్యారు. రేటు మారినా ఆయన చదువు ఆగలేదు, ఎందుకంటే ఆయన వెళ్లింది సస్తా కోసం కాదు.

ఇంజనీరింగ్ కోసమే వెళ్లిన హైదరాబాదీ ఆబిద్ హసన్. జర్మనీలో చదువుకుంటూ ఉండగానే జంగ్ మొదలైంది. అక్కడే సుభాష్ చంద్రబోస్‌ను కలిశారు, ఆయన సెక్రెటరీ అయ్యారు. 1943 ఫిబ్రవరిలో నేతాజీతోపాటు సబ్‌మెరైన్ ఎక్కిన హిందుస్తానీ ఆయనొక్కరే. ఇక ఉర్దూలో బోధించే ఉస్మానియాలో చదివిన ముహమ్మద్ హమీదుల్లా సాహెబ్ జర్మనీలోని బాన్‌లో, ఆ తర్వాత పారిస్‌లో డాక్టరేట్లు తీసుకున్నారు. ఫ్రెంచ్‌లోకి ఖురాన్ తర్జుమా చేశారు. ఉర్దూ మీడియం ఆయనకు రుకావట్ కాలేదు. వెళ్లిన ముల్క్ జబాన్ నేర్చుకున్నారు, అంతే.

ఇప్పుడు మన జమానాకు వద్దాం. సస్తా దర్వాజా ఎప్పటికీ తెరిచే ఉండదని ఇటీవలి తారీఖ్ కూడా చెబుతుంది. యూరప్ బయటి విద్యార్థులకు డెన్మార్క్ 2006లో ఫీజు పెట్టింది, స్వీడన్ 2011లో, ఫిన్లాండ్ 2017లో, నార్వే 2023లో. ఫ్రాన్స్ 2019లో బయటివారికి ఫీజు పెంచి, మాస్టర్స్‌కు ఏడాదికి 3,770 యూరోలు చేసింది. జర్మనీలో సర్కారీ యూనివర్సిటీలు ఇప్పటికీ ఎక్కువగా ఫీజు లేనివే. అయితే బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచి సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి కొత్తగా చేరే బయటివారికి ఫీజు పెట్టింది. ఇటలీ పద్ధతి వేరు. అక్కడి సర్కారీ యూనివర్సిటీల్లో ఫీజు ఖాందాన్ ఆమ్దనీని బట్టి తగ్గుతుంది, తక్కువ ఆమ్దనీ ఉన్నవారికి ప్రాంతీయ స్కాలర్‌షిప్‌లు కూడా ఉన్నాయి. కానీ ఆమ్దనీ కాగజాత్ తర్జుమా, ధ్రువీకరణ వక్త్ మీద పూర్తి కావాలి.

ఫీజు లేదంటే ఖర్చు లేదని కాదు. జర్మనీ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపాలని 2024లో నియమం పెట్టారు. యూరో రేటును బట్టి అది పదకొండు, పన్నెండు లక్షల రూపాయలు. ఇది ఫీజు కాదు, మీ పైసాయే, నెలకు 992 యూరోల చొప్పున మీ బేటా చేతికే వస్తుంది. కానీ ముందు జమ చేయాలి కదా! సూద్ కర్జా దర్వాజా తట్టేది సరిగ్గా ఇక్కడే. తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల దాకా ఉంది, మాస్టర్స్, పీహెచ్‌డీలకు. ఆ పైసా చేతికొచ్చేది అక్కడికి చేరాకే. కాబట్టి జమ చేయాల్సిన రకం ముందే హలాల్ దారిలో కూడబెట్టుకోవాలి. వీలైతే వెళ్లడానికి రెండేళ్ల ముందు నుంచే.

ఇంకో మాట. ఇంటర్ తర్వాతే పంపాలనుకునే వాలిదైన్ జాగ్రత్త. జర్మనీ సర్కారీ యూనివర్సిటీల్లో బ్యాచిలర్స్ చాలావరకు జర్మన్ జబాన్‌లోనే. ఒక్క ఇంటర్‌తో సీదా దాఖలా కూడా ముష్కిలే. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాస్ కావడమో, ఇక్కడ కొంత డిగ్రీ చదవడమో, అక్కడ ఒక సాలు తయారీ కోర్సు చేయడమో కావాలి. ఇక్కడ బీటెక్ చేసి మాస్టర్స్‌కు పంపితే ఇంగ్లిష్ కోర్సులు ఎక్కువ దొరుకుతాయి, పరదేశంలో ఖర్చయ్యే సాళ్లు తగ్గుతాయి. అప్పుడు కూడా జర్మన్ రాకపోతే నౌకరీ దగ్గర దారి ఇరుకే.

అందుకే "ఏ ముల్క్ సస్తా?" అని మొదట అడగొద్దు. ఇవి అడగండి: నా బేటా, నా బేటీ ఏ జబాన్ నేర్చుకోవడానికి తయారు? మొదటి సాలు పైసా సూద్ లేకుండా ఎక్కడి నుంచి వస్తుంది? రేపు ఆ హుకూమత్ ఫీజు పెడితే చదువు నడిచే దారి ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరికిన ముల్కే మీకు సస్తా.

జాకిర్ సాహెబ్ వెళ్లిన బెర్లిన్ ఏడాదిన్నరలో మహంగా అయిపోయింది. ఆయన ఇల్మ్ మాత్రం ముల్క్ మొత్తానికి కామ్ వచ్చింది. మన పిల్లల దారిని అల్లాహ్ ఆసాన్ చేయుగాక. ఆమీన్.