మంత్రగత్తె పేరున్న ఓడ

పేరు కలిసిరాకపోతే ఏదీ కలిసిరాదనే నమ్మకం మన దగ్గరే కాదు, దొరల దగ్గరా ఉంది. 'కట్టీ సార్క్' అన్న తేయాకు ఓడ పేరే చూడండి. అది రాబర్ట్ బర్న్స్ కవిత 'టామ్ ఓ షాంటర్'లో నానీ అనే మంత్రగత్తె వేసుకున్న పొట్టి లోచొక్కా పేరు. ఓడ ముందుభాగాన ఆ నానీ బొమ్మే, చేతిలో గుర్రం తోకతో సహా. ఈ ఓడ పడ్డ కష్టాలు వరసగా చెబితే ఎవరైనా శాపమే అంటారు. నా సర్వీసంతా రక్షణ శాఖ లెక్కల్లో గడిచింది కనుక నేను ముందు పద్దులు చూస్తాను.

ఓనరు జాన్ విల్లిస్ టన్నుకు 17 పౌండ్ల చొప్పున స్కాట్ అండ్ లింటన్ కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చాడు. ఓడ పూర్తికాక ముందే కంపెనీ దివాలా తీసింది. మిగిలిన పని డెన్నీ కంపెనీ చేసింది. గిట్టని రేటుకు సంతకం పెట్టినవాడి గతి ఏమిటో చెప్పడానికి జాతకం అక్కర్లేదు. అలాంటి ఫైళ్ళు నేనూ చూశాను.

1869 నవంబర్ 22న స్కాట్లండులోని డంబార్టన్‌లో ఓడ నీళ్ళలోకి దిగింది. సరిగ్గా ఐదు రోజుల ముందు, 17న, సూయజ్ కాలువ తెరిచారు. అసలు దెబ్బ ఇదీ! లండన్ నుంచి చైనాకు దూరం మూడు వేల మైళ్ళకు పైగా తగ్గింది. కానీ ఎర్ర సముద్రం గాలులు తెరచాప ఓడకు అనుకూలించవు. కాలువలో దాన్ని ఇంకొకరు లాగాలి, దానికి వేరే ఖర్చు. దగ్గరిదారి లాభమంతా ఆవిరి ఓడలదే అయింది. తొలి ప్రయాణంలో 13 లక్షల పౌన్ల తేయాకు తెచ్చిన ఓడకు 1877 తర్వాత తేయాకు సరుకే లేదు.

1872లో థెర్మోపిలే అనే ఓడతో పందెం. ముందంజలో ఉండగా ఆగస్టు 15న తుఫానులో చుక్కాని ఊడిపోయింది. రేవుకు పోదామని ఓనరు తమ్ముడు గొడవపెట్టాడు, కెప్టెన్ మూడీ ఒప్పుకోలేదు. హెన్రీ హెండర్సన్ అనే వడ్రంగి నడిసముద్రంలో ఉన్న కలపతోనే కొత్త చుక్కాని చేశాడు. ఓడ ప్రత్యర్థి కంటే వారం ఆలస్యంగా లండన్ చేరింది. దిష్టి తీయించి ఉంటే చేరేదా?

1880లో జరిగింది మాత్రం దారుణం. మేట్ సిడ్నీ స్మిత్ జాన్ ఫ్రాన్సిస్ అనే నల్లజాతి నావికుణ్ణి తలమీద కొట్టి చంపాడు. కెప్టెన్ వాలెస్ ఆ మేట్‌ను ఒక అమెరికన్ ఓడ ఎక్కించి తప్పించాడు. సిబ్బంది పని మానేశారు. జావా సముద్రంలో గాలి ఆగి ఓడ కదలకుండా ఉండగా వాలెస్ సముద్రంలో దూకేశాడు. దీన్నీ శాపం ఖాతాలో రాసేస్తే చంపినవాడూ దాచినవాడూ ఇద్దరూ తప్పించుకుంటారు. 1882లో లండన్ కోర్టు మంత్రగత్తెను విచారించలేదు, స్మిత్‌కు ఏడేళ్ళ శిక్ష వేసింది.

తర్వాత ఓడ ఆస్ట్రేలియా ఉన్ని మోసింది. అదే పేరు, అదే బొమ్మ! 1885లో కెప్టెన్ వుడ్జెట్ చేతిలో సిడ్నీ నుంచి 73 రోజుల్లో ఇంగ్లండు చేరింది. 1889 జులై 25 రాత్రి బ్రిటానియా అనే ఆవిరి ఓడనే దాటింది. ఆ దక్షిణ సముద్రాల్లో పడమటి గాలి బలమైనది, పైగా ఉచితం.

1895లో పోర్చుగీసువాళ్ళకు అమ్మారు. 1922లో మళ్ళీ ఇంగ్లండుకు వచ్చింది, 1954 నుంచి గ్రీనిచ్‌లో ఉంది. 2007లో మంటలు లేచాయి. అప్పటికి మరమ్మతు కోసం చాలా పలకలు విప్పేసి ఉండటంతో అవి బతికాయి. విచారణలో తేలిన కారణం, చాలావరకు, వారాంతంలో ఆపకుండా వదిలేసిన ఒక వాక్యూమ్ క్లీనర్.