నాటు నాటు ఏ దేశం పాట?

యూరప్‌లో ఏటా మే నెలలో యూరోవిజన్ అని ఒక పాటల పోటీ జరుగుతుంది. 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానోలో మొదలైంది. ఇప్పుడు దేశానికో పాట వస్తుంది, ఎవరి దేశానికి వాళ్లు ఓటు వేసుకోకూడదు. మీ టీంలో యూరప్ వాళ్లుంటే ఆ వారం వాళ్ల గోల వినే ఉంటారు. ఫలానా పాట ఏ దేశానిదో చెప్పమనడం వాళ్లకి మన అంత్యాక్షరి లాంటి ఆట. వినడానికి తేలిగ్గా ఉంటుంది గానీ, ఆ చరిత్ర చదివితే తల తిరుగుతుంది.

లక్సెంబర్గ్ సంగతే చూడండి. ఈ పోటీ ఐదుసార్లు గెలిచింది: 1961, 1965, 1972, 1973, 1983. ఆ ఐదుగురిలో ఒక్కరు కూడా లక్సెంబర్గ్ వాళ్లు కాదు! నలుగురు ఫ్రెంచి వాళ్లు, ఒకామె గ్రీకు. 1988లో స్విట్జర్లాండ్ తరఫున పాడి ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచినామె ఎవరో తెలుసా? టైటానిక్ పాట పాడిన సెలిన్ డియోన్. ఆమెది కెనడా. మన భాషలో చెప్పాలంటే కాంట్రాక్ట్ మీద క్లయింట్ దగ్గరికి వెళ్లడమే. పని మనది, బ్యాడ్జి మీద పేరు వాళ్లది.

భాష గొడవ ఇంకోటి. ఏ దేశం వాళ్లు ఆ దేశం భాషలోనే పాడాలని 1966లో రూలు పెట్టారు. 1973లో తీసేశారు, 1977లో మళ్లీ పెట్టారు, 1999 నుంచి పూర్తిగా వదిలేశారు. మధ్యలో దొరికిన ఆ నాలుగేళ్ల సందులోనే 1974లో స్వీడన్ వాళ్లు ఆబా ఇంగ్లీషులో 'వాటర్లూ' పాడి గెలిచారు.

ఇక మన సంగతి. 2023 మార్చి 12న 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చింది. మర్నాడు ఆఫీసులో ఒకాయన నా దగ్గరికొచ్చి "మీ బాలీవుడ్ పాట గెలిచిందటగా, కంగ్రాట్స్" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. తెలుగు అంటే ఏంటో చెప్పడానికి కాఫీ మెషిన్ దగ్గర పది నిమిషాలు పట్టింది. ప్లెయిన్స్‌బరోలో ఉండే మనకి ఇది కొత్త కాదు. "హిందీ మాట్లాడతావా" అన్న ప్రశ్న వారానికోసారి వింటాం. ఆ జనవరిలో రాజమౌళి గారు కూడా ఇక్కడి డైరెక్టర్ల గిల్డ్‌లో సినిమా వేసినప్పుడు, ఇది బాలీవుడ్ కాదు, దక్షిణాది నుంచి వచ్చిన తెలుగు సినిమా అని విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

సరే, ఆస్కార్ దృష్టిలో అది ఇండియా పాటేనా? అక్కడే ఉంది తమాషా. ఆ ఏడాది ఇండియా అధికారికంగా పంపింది ఆర్ఆర్ఆర్ కాదు, 'ఛెల్లో షో' అనే గుజరాతీ సినిమా. దేశం పంపాలన్న నియమం అంతర్జాతీయ సినిమా విభాగానికే. పాటకి దేశంతో పనిలేదు, సినిమా వాళ్లే పంపుకోవచ్చు. అంటే కీరవాణి గారు, చంద్రబోస్ గారు ఏ దేశం సీటూ లేకుండా సొంతంగా వెళ్లి గెలిచారన్నమాట. నాకైతే అదే ఎక్కువ గర్వంగా అనిపిస్తుంది. 2009లో గెలిచిన 'జై హో' దీనికి తిరగేసిన లెక్క: రెహమాన్, గుల్జార్ మనవాళ్లు, పాట హిందీ, సినిమా మాత్రం బ్రిటిష్ వాళ్లది.

హిందీ, తమిళం, కన్నడ, మలయాళాల్లోనూ ఈ పాట ఉన్నా ఆస్కార్‌కి వెళ్లింది తెలుగు పాటే. రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అక్కడ తెలుగులోనే పాడారు. దీపికా పదుకొణె పరిచయం చేస్తూ తెలుగు అన్న మాట స్టేజి మీద పలికింది. అయితే వెనక ఆడిన డాన్సర్లలో మన దక్షిణాసియా వాళ్లు లేరని ఇక్కడ గట్టిగానే విమర్శలొచ్చాయి. న్యాయమైన విమర్శే. మన ఎడిసన్ డాన్స్ స్కూళ్లలో అడిగినా బోలెడంతమంది పిల్లలు దొరికేవాళ్లు.

అమెరికా వాళ్లు కూడా ఈ పోటీని కాపీ కొట్టారు లెండి. 2022లో అమెరికన్ సాంగ్ కాంటెస్ట్ అని రాష్ట్రానికో పాట పెట్టారు. గెలిచింది ఓక్లహోమా. పాడిన అమ్మాయి అలెక్సా, కొరియాలో కె-పాప్ పాడుకునే మనిషి!

'నాటు' అంటే మనకి నాటుకోడి, నాటు మందు, అచ్చం లోకల్. ఆ పాట తీసింది మాత్రం 2021 ఆగస్టులో, యుక్రెయిన్ రాజధాని కీవ్‌లో, మారియిన్‌స్కీ ప్యాలెస్ ముందు. ఆర్నెల్లకే, 2022 ఫిబ్రవరి 24న, అక్కడ యుద్ధం మొదలైంది. దాదాపు నెల తర్వాత సినిమా వచ్చింది. ఆ మే నెలలో యూరోవిజన్ గెలిచింది యుక్రెయినే, 'స్టెఫానియా' అనే పాటతో. గెలిచిన దేశమే మరుసటేడు పోటీ పెట్టాలి. కానీ 2023లో ఆ పండగ కీవ్‌లో పెట్టలేక, యుక్రెయిన్ పేరు మీద ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో జరిపారు.