32 మూరల ఇల్లు ఎవరికి?

6వ శతాబ్దపు వరాహమిహిరుడి బృహత్సంహితలో వాస్తుకొక అధ్యాయం ఉంది. వాస్తును "ప్రాచీన విజ్ఞానం" అనే మిత్రులు ఒక్కసారి తెరిచి చూడాలి. పూజగది ఈశాన్యం, వంటిల్లు ఆగ్నేయం, సామాన్లు నైరుతి. డబ్బూ, ధాన్యమూ వాయవ్యం. ఇంటి వెడల్పుకూ లెక్కుంది: బ్రాహ్మణుడికి 32 మూరల దాకా, క్షత్రియుడికి 28, వైశ్యుడికి 24, శూద్రుడికి 20, ఇంకా కిందివారికి 16 కంటే తక్కువ. ఈ పట్టిక మాత్రం నేటి వాస్తు పండితులెవరూ చెప్పరు. చెబితే ఫీజెవరిస్తారండీ?

డిఫెన్స్ అకౌంట్స్‌లో రిటైరైనవాణ్ణి కదా, హోదాను బట్టి ఇల్లు నాకు కొత్త కాదు. 1931లో ప్రారంభమైన న్యూఢిల్లీలో పెద్ద దొరలకు ఎకరాల తోటల్లో బంగళాలు, గుమాస్తాలకు గోల్ మార్కెట్ చుట్టూ క్వార్టర్లు. బ్రిటిష్ వాళ్ళు ఆ తేడాను వాస్తుపురుషుడి మీదికి నెట్టలేదు, అంతే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, గ్రేటర్ నోయిడాలో మా అబ్బాయి కట్టబోయే ఇంటికి ఒక పండితుడు ప్లాను దిద్దాడు. బీరువా నైరుతి గదిలోనే ఉండాలట, అందుకని మా ఆవిడ పడకగదిని మేడమీదికి మార్చాడు. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. వరాహమిహిరుడు డబ్బు వాయవ్యంలో పెట్టమన్నాడని శ్లోకం చూపించాను. అబ్బాయి ప్లాను వెనక్కి పంపాడు.